వాగ్దానానికి ముందున్న వచనం

క్రైస్తవ బోధ పలచబడిందన్న విమర్శ తెలుగు సంఘాల్లో తరచుగా వినిపిస్తున్నది. అయితే ఆ పలచబడడం ఎక్కడ, ఎలా జరుగుతున్నదో నిర్దిష్టంగా చెప్పనంత కాలం అది ఒక బోధకుడు మరొక బోధకుడిపై వేసే నిందగానే మిగిలిపోతుంది. దుర్బోధ అనగానే క్రీస్తు దైవత్వాన్నో, పునరుత్థానాన్నో, అంటే ఆయన మరణాన్ని జయించి లేచాడన్న విశ్వాసాన్నో కాదనే సిద్ధాంతం స్ఫురిస్తుంది. కాని నేటి సభల్లో అటువంటి నిరాకరణ అరుదు. అక్కడ పలికే మాటలు చాలావరకు బైబిలులోనివే. లోపమంతా పలకకుండా దాటవేసిన మాటల్లో ఉంటుంది.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పంచే వాగ్దాన కార్డులు, అంటే రాబోయే ఏడాదికి దేవుని మాటగా విశ్వాసులు అందుకునే వచనాలు, ఇందుకు మంచి ఉదాహరణ. వాటిపై తరచుగా కనిపించే యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం 11వ వచనం, దేవుడు తన ప్రజల మేలునే తలపెట్టాడని ధైర్యం చెబుతుంది. అది బబులోను చెరలో ఉన్న యూదులకు యెరూషలేము నుండి యిర్మీయా ప్రవక్త పంపిన లేఖలోనిది. దానికి సరిగ్గా ముందున్న 10వ వచనం ఆ మేలు డెబ్బై ఏళ్లు నిండిన తరువాతనే వస్తుందని అంటుంది; అంటే ఆ లేఖ విన్న పెద్దల్లో అత్యధికులు దానిని కళ్లారా చూడలేరు. 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలోనే విడుదల వస్తుందని దేవుని పేరిటే ప్రకటించాడు. అతడు దేవుణ్ణి కాదనలేదు, మరో దేవుణ్ణి తీసుకురాలేదు; గడువు మాత్రమే తగ్గించాడు. దానినే యిర్మీయా అబద్ధమన్నాడు. 11వ వచనాన్ని చదివి 10వ వచనాన్ని వదిలే ప్రసంగం, యిర్మీయా నోట హనన్యా సందేశాన్ని పలికిస్తున్నదన్నమాట.

తూర్పు కనుమల అంచున చింతపల్లి మన్యానికి వాకిలిగా ఉన్న నర్సీపట్నం వంటి చోట ఈ కత్తిరింపుకు మనసు మొగ్గడానికి బలమైన కారణాలే ఉన్నాయి. జ్వరం ముదిరితే కొండ దిగి ఆసుపత్రికి రావలసిన కుటుంబానికి స్వస్థత, వడ్డీకి అప్పు తెచ్చి సాగుచేసే కౌలురైతుకు అప్పుల నుండి విడుదల అత్యాశ కాదు. యేసు రోగులను బాగుచేశాడు. రోగికి నూనె రాసి ప్రార్థించమని యాకోబు పత్రిక 5వ అధ్యాయం 14వ వచనం సంఘ పెద్దలను ఆదేశిస్తుంది. కనుక స్వస్థత ప్రార్థనను పలచని బోధగా కొట్టిపారేయడం తగదు. అయితే అదే అధ్యాయం 4వ వచనం, పొలం కోసినవారికి ఎగవేసిన కూలి దేవునికి మొరపెడుతున్నదని ధనికులను హెచ్చరిస్తుంది. నూనెసీసాకు వేదికపై చోటు దొరికి, పది వచనాల ముందున్న కూలిడబ్బుకు దొరకకపోతే, పైగా కానుక వేసినవారికి నూరంతలు తిరిగి వస్తుందన్న బేరం దానికి తోడైతే, అది సమృద్ధి సువార్త, అంటే విశ్వాసాన్ని ఐశ్వర్యానికి మార్గంగా చూపే బోధ అవుతుంది.

ఆ బేరానికి లొంగని నిదర్శనం తెలుగు క్రైస్తవ చరిత్రలోనే ఉన్నది. 1876-78 నాటి కరవులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంతభాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో అలమటిస్తున్న వేలాదిమందికి పని కల్పించారు. కూలి కోసం మతంలో చేరారన్న మాట రాకుండా, కరవు సాయం సాగినంత కాలం బాప్తిస్మాలను, అంటే నీట ముంచి సంఘంలో చేర్చుకునే సంస్కారాన్ని, నిలిపివేశారు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చరిత్ర గ్రంథాలు ఆ సంఖ్యను ఘనంగా చెబుతాయి. బోధ శుద్ధిని బట్టి చూస్తే ఆపి ఉంచిన నెలలే ఎక్కువ విలువైనవి.

అలాగని కటువుగా మాట్లాడడమే నమ్మకత్వం కాదు. నగలను, సినిమాలను ఖండించి, మాలలు ఒక గుడిలో, మాదిగలు మరొక గుడిలో కూడుకోవడంపై పెదవి విప్పని ప్రసంగం కూడా, క్రీస్తులో భేదాలు చెల్లవన్న గలతీ పత్రిక 3వ అధ్యాయాన్ని దాటవేసినదే.

తిమోతికి రాసిన రెండవ పత్రిక 4వ అధ్యాయంలో పౌలు తప్పును బోధకులపైనే మోపలేదు. తమ కోరికలకు తగిన బోధకులను పోగుచేసుకునేది వినేవారేనని గుర్తించాడు. కనుక చికిత్స వినేవారి నుండి కూడా మొదలుకావాలి. పౌలు బోధను సైతం లేఖనాలతో సరిచూసుకున్న బెరయ పట్టణస్థులను అపొస్తలుల కార్యముల గ్రంథం మెచ్చుకున్నది. అలా సరిచూసుకోవాలంటే లేఖనాలు సొంత భాషలో ఉండాలి. విశాఖపట్నంలో 1805లో అడుగుపెట్టిన లండన్ మిషనరీలు క్రాన్, డెస్‌గ్రాంజెస్‌లు ఆనందరాయర్ అనే క్రైస్తవుని సహాయంతో సువార్తలను తెలుగు చేయగా, అవి 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ఇటువంటి శ్రమ వల్లనే ఆ అవకాశం తెలుగువారికి దక్కింది. బోధకుడు నచ్చిన వచనాలను ఏరుకోక ఒక గ్రంథాన్ని మొదటినుండి చివరివరకు వరుసగా బోధించడం, సంఘస్థులు ఇంటికి వెళ్లి ముందువెనుక వచనాలను చదివి సందేహం అడగడం, ఆ ప్రశ్నను పాస్టరు ధిక్కారంగా భావించకపోవడం, ఈ మూడూ కలిసినచోట బోధ పలచబడడానికి అవకాశం తగ్గుతుంది.