చేయి ఎత్తే ముందు

మనకు ఓటంటే మనిషిని ఎంచుకోవడమే. ఒక ప్రశ్నను నేరుగా జనం ముందు పెట్టి, అవునో కాదో చెప్పమనే పద్ధతి మన రాష్ట్రాల్లో లేదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఉంది. 2020 నవంబరులో అక్కడి ఓటరు రాష్ట్రస్థాయి ప్రతిపాదనలే పన్నెండింటి మీద తన మాట చెప్పాల్సి వచ్చింది. వాటిలో ఒకదాని గురించి ఢిల్లీలో, మునిర్కాలో ఉన్న మాకు ఫోను వచ్చింది.

చేసింది ఒక అన్న. ఒకప్పుడు మాలాగే మునిర్కాలోని ఎండ పడని ఇరుకు గదిలో ఉంటూ జేఎన్‌యూలో చదువుకున్నాడు. ఇప్పుడు అక్కడి పౌరుడు. ఆయన అడిగింది 16వ ప్రతిపాదన సంగతి. 1996లో కాలిఫోర్నియా ఓటర్లు 209వ ప్రతిపాదనను నెగ్గించి, ప్రభుత్వ విద్యలో, ఉద్యోగాల్లో, కాంట్రాక్టుల్లో జాతిని బట్టిగానీ, ఆడా మగా అన్నదాన్ని బట్టిగానీ ప్రాధాన్యం ఇవ్వకూడదని నిషేధించారు. ఆ నిషేధాన్ని ఎత్తేయాలా వద్దా అన్నదే 16వ ప్రతిపాదన. ఆసియా నుంచి వెళ్ళినవారి సంఘాల్లో కొన్ని దాన్ని సమర్థించాయి, కొన్ని గట్టిగా ఎదిరించాయి.

"మా అమ్మాయి త్వరలో కాలేజీకి దరఖాస్తు పెట్టాలి. ఇది నెగ్గితే దాని సీటు పోతుందని ఇక్కడ మనవాళ్ళు అంటున్నారు. నేనేమో రిజర్వేషన్‌తో చదువుకున్నవాణ్ణి. ఏం చేయను తమ్ముడూ?" అన్నాడు.

మేం క్షణం కూడా ఆలోచించలేదు. "ఇందులో అడగడానికేముందన్నా? బాబాసాహెబ్ బిడ్డవు, అవుననే వెయ్యి" అన్నాం. కొంచెం కోప్పడ్డాం కూడా. ఆ ప్రతిపాదన ఓడిపోయింది. నూటికి 57 మంది కాదన్నారు.

మా వంతు 2024 ఆగస్టు 1న వచ్చింది. షెడ్యూల్డ్ కులాలను రాష్ట్రాలు వర్గీకరించవచ్చని సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6-1 తేడాతో తీర్పు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ వర్గీకరణ చట్టాన్ని కొట్టేసిన 2004 నాటి చిన్నయ్య తీర్పు దాంతో చెల్లకుండా పోయింది. ఆదివారాలు కలిసి ధమ్మపదం చదువుకునే మా బృందంలో మాలలున్నాం, మాదిగలున్నాం. అందరం త్రిశరణం తీసుకున్నవాళ్ళమే, 22 ప్రతిజ్ఞలు చేసినవాళ్ళమే. తీర్పును సమర్థిస్తూ తీర్మానం చేద్దామా అని ఒకరు అడిగారు. చేతులు లేచాయి. ఏ చేయి లేస్తుందో, ఏది లేవదో మా పుట్టుకను బట్టి ముందే చెప్పేయవచ్చు. ఆ రోజు మేం వేసింది ఓటు కాదు, చేసుకున్నది కులగణన.

అప్పుడు ఆ అన్న ఫోను గుర్తొచ్చింది. ఆయన బిడ్డ సీటు కోసం భయపడ్డాడు, భయమనే చెప్పాడు. మేం మా భయానికి సిద్ధాంతం తొడిగాం. ఒక వైపు నుంచి "ఐక్యత" అన్నాం, ఇంకో వైపు నుంచి "సామాజిక న్యాయం" అన్నాం. రెండూ మంచి మాటలే. కానీ ఎవరికి ఏది లాభమో వారి నోట అదే మాట వచ్చింది.

బౌద్ధ భిక్షు సంఘాలకు తీర్మానాలూ, కోరమూ, ఓట్ల లెక్కింపూ తెలుసునని బాబాసాహెబ్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో గుర్తు చేశారు. ఆ పద్ధతి వినయపిటకంలోని చుల్లవగ్గలో ఉంది. ఓటుకు సలాకలనే పుల్లలు వాడేవారు. రహస్యంగా, చెవిలో చెప్పి, బాహాటంగా అని మూడు విధాలుగా ఓటు తీసుకునేవారు. పుల్లలు పంచే భిక్షువు ఛందం, ద్వేషం, మోహం, భయం అనే నాలుగు అగతుల్లో పడనివాడై ఉండాలి. ఛందమంటే మనవాడన్న పక్షపాతం. ఈ నాలుగింటి గురించే తథాగతుడు సిగాలోవాద సుత్తంలో గృహస్థునికీ చెప్పాడు. కనుక పంచేవాడికి ఉన్న నియమం పుల్ల తీసుకునేవాడికీ ఉందని మేం అనుకుంటున్నాం.

అదే చుల్లవగ్గలో మింగుడుపడని మాట ఒకటుంది. రహస్య ఓటులో అధమ్మం పలికేవారే ఎక్కువని తేలితే, పుల్లలు సరిగా తీసుకోలేదని చెప్పి ఆ ఓటును పక్కన పెట్టాలట. ఓడినవాడెవడైనా ధమ్మం నా వైపే ఉందనగలడు కదా! రాజ్యంలో ఇంత అధికారం ఒకరి చేతికిస్తే ప్రమాదం. అయినా అందులోని విషయం నిజం. పదిమంది చేతులెత్తినంత మాత్రాన అధమ్మం ధమ్మమైపోదు. మన రాజ్యాంగం ప్రాథమిక హక్కులను అప్పటికప్పటి మెజారిటీ చేతికి వదిలేయనిది అందుకే.

మరి ఎవరి మాట ముందు వినాలి? 1932లో పూనా ఒప్పందం చర్చల్లో, రిజర్వుడు సీట్లు ఎంతకాలం ఉండాలన్నది అణగారిన వర్గాలే ఓటు వేసి తేల్చుకోవాలని బాబాసాహెబ్ పట్టుబట్టారు. గడువు దగ్గర గాంధీజీతో పేచీ వచ్చింది. చివరికి ఆ ఓటు ఒప్పందంలోకి ఎక్కనే లేదు. ఉభయుల అంగీకారంతో తేలేదాకా అని రాసుకున్నారు. ఎవరి బతుకు మీద ప్రశ్న వేస్తున్నారో జవాబూ వారిదే కావాలన్నది ఆయన పట్టు.

ఆ కొలత మా మీద పెట్టుకుంటే తల దించుకోవాల్సి వచ్చింది. మాలలను చూసి మాదిగలు అడిగే ప్రశ్నను, మా ఇద్దరినీ చూసి రెల్లి, డక్కలి, చిందు కులాలవారు అడగరా? మా గదిలో రెల్లి లేడు, డక్కలి లేడు. అందరికన్నా వెనకబడ్డవాళ్ళు లేని చోట మేం చేతులెత్తేశాం.

మరుసటి ఆదివారం మళ్ళీ కూర్చున్నాం. ఈసారి ప్రతివారూ ముందు అవతలి పక్షం వాదన చెప్పాలి. "అవును, మా మాట ఇదే" అని ఆ పక్షం ఒప్పుకునేదాకా చెప్పాలి. తరవాత, ఈ నాలుగు అగతుల్లో తనను లాగుతున్నది ఏదో ఎవరికి వారు మనసులో చూసుకోవాలి. చేతులు ఎత్తనివ్వలేదు, చీటీలు వేయించాం. తీర్మానం రెండు చీటీల తేడాతో నెగ్గింది. లెక్క ఈసారి పుట్టుకతో సరిపోలేదు. ఎవరు ఎటు మారారో మేం అడగలేదు.

ఆ రాత్రి కాలిఫోర్నియా అన్నకు ఫోను చేసి, అప్పుడు తొందరపడి కోప్పడ్డందుకు క్షమించమన్నాం. ఆయన నవ్వాడు.

"అవుననే వేశానురా. మీరు కోప్పడినందుకు కాదు. ప్రభుత్వం పంపిన ఓటరు పుస్తకంలో రెండు వైపుల వాదనలూ చదివాను. కాదనడానికి భయం తప్ప నా దగ్గర వేరే కారణం మిగల్లేదు."