మాట్లాడని వకీలు

నేరం చేసినవాడికి వకీలును కుదర్చడం పాపానికి తోడ్పడటం కాదా? మన ఇళ్లలో ఈ మాట తరచూ వినబడుతుంది. కొందరు దివ్య ఖుర్ఆన్ నిసా సూరాలోని 105వ ఆయతును ఆధారంగా చూపుతారు. ద్రోహుల పక్షాన వాదించకూడదన్న హెచ్చరిక అందులో ఉంది, నిజమే. కాని దాని సందర్భం ఏమిటి? వ్యాఖ్యాతలు చెప్పినదాని ప్రకారం మదీనాలో ఒకడు దొంగతనం చేస్తే, అతని వంశంవారు ఆ నేరాన్ని అమాయకుడైన ఒక యూదుడి మీదికి నెట్టి, తమవాడి కోసం గట్టిగా మాట్లాడారు. ఆ యూదుణ్ణి నిర్దోషిగా నిలబెట్టినవి ఆ ఆయతులే. అలాంటి ఆయతును నోరులేని నిందితుణ్ణి వదిలేయడానికి సాకుగా వాడటం మాకు సబబుగా తోచదు. అబద్ధాన్ని నిజం చేయడం వేరు, నిందితుడి మాట న్యాయమూర్తి చెవిన పడేలా చూడటం వేరు.

హజ్రత్ మూసా (అలైహిస్సలాం) సంగతే చూడండి. ఫిరౌను ప్రజలు తనపై ఒక నేరం మోపి ఉన్నారని, తన నాలుక సరిగా ఆడదని, హారూన్‌ను తోడు పంపమని ఆయన ప్రభువును వేడుకున్నారు. ప్రవక్తకే మాటసాయం అవసరమైనప్పుడు, పాశమైలారంలో కూలికి వచ్చిన ఒడిశా కుర్రవాడి మాటేమిటి? పటాన్‌చెరు, బొల్లారం కర్మాగారాల్లో అలాంటివారు ఎందరో! కేసు పడితే సంగారెడ్డి కోర్టులో సాక్షి చెప్పేది తెలుగులో. అతనికి అర్థం కాదు. ఇంటివారు ఎక్కడో దూరాన ఉంటారు. ప్రభుత్వం ఇచ్చిన వకీలు ఒక్క ప్రశ్నా అడగకుండా కూర్చుంటే, ఆ మౌనం కూడా అతని మీద సాక్ష్యమే అవుతుంది.

ఇది ఊహ కాదు. 1997 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన బస్సు పేలుడు కేసులో మహమ్మద్ హుస్సేన్ అనే అతనికి మరణశిక్ష పడింది. హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. 65 మంది సాక్షుల్లో 56 మంది సాక్ష్యాన్ని అతనికి వకీలు లేకుండానే నమోదు చేశారని 2012లో సుప్రీంకోర్టు గుర్తించి, శిక్షను కొట్టివేసి, మళ్లీ విచారించమంది. 2013లో అతడు పేలుడు ఆరోపణ నుంచి బయటపడ్డాడు.

వకీలు లేడంటే కోర్టు వింటుంది. వకీలు ఉన్నాడు గాని పనికిరాలేదంటే మాత్రం నిరూపించడం చాలా కష్టం. అమెరికా సుప్రీంకోర్టు 1984లో ఇందుకు కొలమానం పెట్టింది: వకీలు పని నాసిరకంగా ఉందని, అది సవ్యంగా ఉంటే ఫలితం మారే అవకాశం గట్టిగా ఉండేదని, రెండూ ఖైదీయే చూపాలి. అడగని ప్రశ్నకు సాక్షి ఇచ్చే జవాబు ఏ రికార్డులో దొరుకుతుంది?

అలాగని రెండోవైపు బాధను తేలిగ్గా తీసుకోలేం. పాత వకీలు చేతకానివాడన్న కారణంతో సాక్షులను తిరిగి పిలవాలని ఢిల్లీ అత్యాచారం కేసులో ఒక నిందితుడు కోరితే, 2015లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. బాధితురాలు మళ్లీ బోనెక్కాలి కదా! ఆ తీర్పు మాకు న్యాయంగానే అనిపిస్తుంది. ఆలస్యంగా సరిదిద్దబోతే ఒకరి గాయాన్ని మాన్పడానికి మరొకరి గాయాన్ని రేపాలి. కాబట్టి జాగ్రత్త మొదటే పడాలి.

2019లో అనోఖీలాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే పట్టించుకుంది. ఉరి లేదా యావజ్జీవం పడగల కేసులో కోర్టు ఇచ్చే వకీలుకు కనీసం 10 ఏళ్ల అనుభవం ఉండాలని, సిద్ధం కావడానికి సాధారణంగా 7 రోజులైనా ఇవ్వాలని చెప్పింది. ఆ కేసులో నేరారోపణ ఖరారు చేసిన రోజే వకీలును పెట్టారు మరి!

వకీలు చేతిలో ఉన్న ఫైలు కూడా అమానతే. అయితే అతని మనస్సాక్షి మీదే భారమంతా వేసి మనం కూర్చోలేం. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం పారిశ్రామిక కార్మికులకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు. 15100 నంబరుకు ఫోను చేసినా సరే. సెషన్స్ కోర్టు శిక్ష వేస్తే హైకోర్టుకు వెళ్లడానికి మామూలు గడువు 60 రోజులు, ఉరిశిక్షకైతే 30 రోజులే. జైలు అధికారి ద్వారా కూడా అప్పీలు పంపుకోవచ్చు. ఈలోగా సాక్ష్యాల నకళ్లు చదివి, ఏ సాక్షిని ఏ ప్రశ్న అడగలేదో ఒక కాగితం మీద రాసి కొత్త వకీలుకు అందించాలి. ఆపాటి చదువు ఉన్న కుర్రవాడు మన ప్రతి మస్జిద్ కమిటీలోనూ ఉన్నాడు.