వల్లించుట, తెలిసికొనుట

మన పావగడ తాలూకా కర్ణాటకమున చేరియున్నను, దానికి మూడు వైపుల ఆంధ్రదేశమే. ఇచ్చటి తెలుగు బిడ్డ ఇంట తెలుగు మాటలాడును. బజారునను బడిలోను కన్నడము నేర్చును. ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషుతో పెనగులాడును. ఈ పెనగులాటలో ఒక ధర్మసందేహము కలదు. అర్థము గ్రహింపక, అచ్చు ప్రశ్నోత్తరములను వల్లించి పరీక్ష దాటుట న్యాయమేనా?

తప్పినచో చదువు ఆగునని తల్లిదండ్రుల భయము. ఆ భయము నిరాధారము గాదు. కాని అర్థము తెలియని జవాబు వ్రాయుట, చదువని పత్రముపై చేవ్రాలు చేయుట వంటిది. నేడు మార్కులు వచ్చును. రేపు ఉద్యోగపు ఉత్తరువు చేతికి వచ్చిననాడు పొరుగువాని నడుగవలసి వచ్చును. అప్పుడు మోసపోయినవాడు పరీక్షకుడు కాడు, బిడ్డయే.

వ్యాకరణము వలదని నా అభిప్రాయము కాదు. తెలుగునను కన్నడమునను క్రియ వాక్యాంతమున నిలుచును. ఇంగ్లీషున కర్త వెంటనే వచ్చును. మన విభక్తులు నామమునకు వెనుక చేరును. వారివి ముందు నిలుచును. ఈ భేదములు సూత్రము చెప్పినగాని స్పష్టపడవు. పుటలు చదివినగాని అలవడవు.

సి.పి. బ్రౌను 1820లో కడపకు వచ్చెను. ఆయన వేమన పద్యములను అచ్చువేయించినది 1829లో. తెలుగు వ్యాకరణమును ప్రకటించినది 1840లో. పఠనము ముందు, సూత్రము వెనుక.

కావున దినమునకొక పుట బిడ్డచేత చదివించి, భావమును తెలుగులో చెప్పుమనవలెను. చెప్పినది పొందికగా నున్నదో లేదో ఇంగ్లీషు రాని తల్లికిని తెలియును.