బిలాము గాడిద అడిగిన ప్రశ్న

ధ్యాన భాగము: సంఖ్యాకాండము 22:21–35



బిలాము కథ మన ఆదివారపు బడి పిల్లలందరికి తెలిసినదే. గాడిద మాటలాడెననగానే పిల్లలు నవ్వుదురు. పెద్దలమైన మనము దానిని ధనాశను గూర్చిన పాఠముగా చదివి, బాలాకు రాజు ఇచ్చెదనన్న సొమ్ము నొద్దనే ఆగిపోవుదుము. మేమును అనేక సంవత్సరములు ఆలాగుననే ప్రసంగించితిమి. అయితే ఈ నెల ఆ భాగమును మరల నెమ్మదిగా చదువగా, ఇంతకాలము మా కన్నులయెదుటనే యున్న సంగతి యొకటి అగపడెను.

కథను జ్ఞాపకము చేసికొనుడి. బిలాము తెల్లవారగానే గాడిదనెక్కి మోయాబు పెద్దలవెంట బయలుదేరెను. కత్తి దూసి త్రోవలో నిలిచిన దూతను గాడిద చూచెను. దర్శనములు చూచువాడని దేశమంతట పేరుపొందిన బిలాము చూడలేదు. గాడిద త్రోవ తప్పి పొలములోనికి దిగెను, దెబ్బ తినెను. ద్రాక్షతోటల నడిమి సందులో గోడకు ఒరసికొనగా యజమానుని కాలు నలిగెను, మరల దెబ్బ తినెను. ప్రక్కకు తొలగుటకు తావే లేని చోట అతని క్రింద చతికిలబడెను. ఈసారి చేతికర్రతోనే కొట్టెను. ఈ మూడుమారులును అది అతని ప్రాణమును కాపాడుచునే దెబ్బలు తినెను.

అప్పుడు దేవుడు దాని నోరు తెరచెను. అది యేమి పలికెనో గమనించితిరా? దూతను గూర్చి చెప్పలేదు. రాబోవు కీడును గూర్చి ప్రవచింపలేదు. నేను చేసిన తప్పేమని అడిగెను. ఇన్నాళ్లు నీవు ఎక్కి తిరిగినది నామీదనే గదా, ఎన్నడైన ఈలాగు చేసితినా అని అడిగెను. ఏండ్ల తరబడి ఒక మనుష్యునితో కలిసి బ్రదికిన జీవికి మాత్రమే ఆలాగు అడుగు చనువు ఉండును. బిలాము దానికి లేదని చెప్పుట తప్ప మరేమియు చెప్పలేకపోయెను. అంతకు కొంచెము ముందే, చేత కత్తియున్నయెడల నిన్ను చంపియుందునని అరచినవాడతడు! కత్తి ఎవరిచేతిలో నున్నదో పాపము అతనికి తెలియదు.

తరువాత అతని కన్నులు తెరువబడెను. దూత అతనిని మొట్టమొదట అడిగినది ఏమి? బాలాకు నీకెంత ఇచ్చెదననెనని కాదు. గాడిదను మూడుమారులు ఎందుకు కొట్టితివని అడిగెను. ఆ ప్రశ్న అయిన పిమ్మటనే అతని ప్రయాణములోని వంకరను గూర్చి మాటలాడెను. అంతేగాక, గాడిద తొలగనియెడల బిలామును చంపి గాడిదను బ్రదుకనిచ్చియుందునని కూడ చెప్పెను. మనము పిల్లల కథగా విడిచిపెట్టిన ప్రశ్నను దేవుని దూత విచారణలో మొదటి ప్రశ్నగా పెట్టెను.

దీనిని చదువుచుండగా మాకు ఒక పాత సంగతి జ్ఞాపకమునకు వచ్చెను. 1974వ సంవత్సరము వేసవిలో, పరిచర్యలో చేరిన క్రొత్తలో, పొరుగూరి కూటములకు ఎడ్లబండిమీద పోవుచుంటిమి. బండిలో పదిమందిమి, పెట్టెలు, హార్మోనియము, వంటపాత్రలు. మిట్టమధ్యాహ్నము. కుడివైపు ఎద్దు మెడమీద కాడి రాచిన పుండు పచ్చిగా నుండెను, దానిమీద ఈగలు ముసురుచుండెను. అందరము చూచితిమి. చూచియు కీర్తనలు పాడుకొనుచు కూర్చుంటిమి. వాగు దాటుచోట చక్రములు ఇసుకలో దిగబడగా ఆ యెద్దు ముందుకాళ్లు మడిచి కూలబడెను. బండితోలువాడు చెర్నాకోలతో కొట్టెను, తోక మెలిపెట్టెను. మేము దిగలేదు; ఇంకొక దెబ్బ వేయుమని పైనుండి చెప్పితిమి. అప్పుడు వెనుక కూర్చున్న ఒక ముసలమ్మ తన మూట పట్టుకొని దిగి, "అయ్యగారూ, తమరు కూడా దిగితేగాని అది లేవదండీ" అనెను. దిగితిమి. చక్రమునకు భుజము పట్టితిమి, ఎద్దు లేచెను. మిగిలిన రెండు మైళ్లు నడచితిమి. ఆ రాత్రి కూటములో మేమేమి ప్రసంగించితిమో ఇప్పుడు జ్ఞాపకము లేదు. ముసలమ్మ మాట మాత్రము మరపునకు రాలేదు.

మోషే ధర్మశాస్త్రము ఈ విషయమును దాచిపెట్టలేదు. విశ్రాంతిదినపు ఆజ్ఞలో కుమారులు, కుమార్తెలు, దాసులతోపాటు ఎద్దును గాడిదయు ఎక్కియున్నవి. పగవాని గాడిద బరువుక్రింద పడియుండుట చూచినయెడల, పగను ప్రక్కనబెట్టి దానిని లేపవలెనని నిర్గమకాండము 23వ అధ్యాయము చెప్పుచున్నది. కళ్లములో బంతి త్రొక్కు ఎద్దు నోటికి చిక్కము కట్టరాదని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయము చెప్పుచున్నది. పౌలు ఈ వాక్యమును సువార్తికుల పోషణకు అన్వయించెను గనుక, దానిని చూపి సంఘకాపరుల జీతమును గూర్చి మాటలాడుటకు మాబోటివారము ఎన్నడును వెనుదీయలేదు. ఎద్దు సంగతి మాత్రము ఎత్తినవారము కాము! మన ప్రభువు విశ్రాంతిదినమున స్వస్థపరచినందుకు సమాజమందిరపు అధికారి కోపపడినప్పుడు, ఆ దినమున మీరు ఎద్దును విప్పి నీళ్లకు తోలుకొనిపోవుట లేదా అని ఆయన అడిగెను. పశువునకు దాహము తీర్చుటను ఆయన తప్పుపట్టలేదు. అది అందరెరిగిన ధర్మమని యెంచి, దానిమీదనే తన వాదమును నిలిపెను.

ఈ ప్రశ్నను చెవినిబెట్టిన బోధకుడొకడు ఇంగ్లండులో ఉండెను. ఆర్థరు బ్రూమ్ అను ఆయన లండనునొద్ద ఒక సంఘమునకు గురువు. 1824 జూన్ 16న లండనులోని ఒక కాఫీ హోటలులో కొందరిని సమకూర్చి, జంతుహింస నివారణ సంఘమును స్థాపించెను. బానిస వ్యాపారమును మాన్పించుటకు పాటుపడిన విల్బర్‌ఫోర్సును, 1822లో పశువులను హింసింపరాదను చట్టమును పార్లమెంటులో నెగ్గించిన రిచర్డ్ మార్టినును ఆయనతో కూడిరి. బ్రూమ్ ఈ పనికొరకు తన గురుత్వపు కొలువును విడిచిపెట్టెను. సంఘమునకు అప్పులు పడగా 1826లో ఆ అప్పులకై తాను చెరసాలకు పోయెను. 1837లో ఆయన చనిపోవునాటికి ఆయనను తలచుకొనువారే అరుదు. తరువాత మూడేండ్లకు, 1840లో, ఆ సంఘము తన పేరునకు 'రాయల్' అను మాటను చేర్చుకొనుటకు విక్టోరియా రాణి సెలవిచ్చెను. మన దేశములో అట్టి సంఘము మొదట 1861లో కలకత్తాలో పుట్టెను.

ఇప్పుడు మనకున్న చట్టము 1960 నాటిది. రాజ్యసభ సభ్యురాలైన రుక్మిణీదేవి అరండేల్ పట్టుదలవలన అది వచ్చినది. ఆమె మన మతస్థురాలు కారు. మనకంటె ముందు ఇతరులు ఈ ప్రశ్నను వినిరని ఒప్పుకొనుటలో తప్పులేదు. పుండుగల పశువుచేత పని చేయించుట, నొప్పి కలుగునట్లు పశువును తరలించుట ఆ చట్టము ప్రకారము నేరములు. 1965 నిబంధనలను బట్టి బండియెద్దును దినమునకు తొమ్మిది గంటలకు మించి తోలరాదు, విశ్రాంతి లేకుండ ఐదు గంటలకు మించరాదు. ఎండ 37 డిగ్రీలు దాటిన చోట పగలు పండ్రెండు మొదలు మూడు గంటలవరకు కట్టనేరాదు. మా 1974 నాటి ప్రయాణము ఈ లెక్కకు ఎక్కడ నిలుచును? చట్టమప్పటికే ఉండెను, ఎరుగనివారము మేమే. మొదటి తప్పునకు ఆ చట్టములో వ్రాసిన జరిమానా పది మొదలు యాభై రూపాయలు మాత్రమే. కాబట్టి పోలీసువారికి భయపడి ఎవరును మారరు. మన మనస్సాక్షియే మనలను అడుగవలెను.

పశువులను కొట్టువారందరు కఠినహృదయులని మేము చెప్పుట లేదు. అప్పువాడు గడపలో నిలిచియున్న రైతు ఎద్దును తొందరపెట్టును. కూలికి పరుగెత్తవలసిన తల్లి, పాలు చేపని గేదెను విసుగుతో తట్టును. వారిని తోలుచున్న చెర్నాకోల వేరొకరి చేతిలో నున్నది. పైగా మన సంఘములలో అనేకులకు సెంటు భూమి లేదు. ఒక గేదె, రెండు మేకలే ఆస్తి. బీదవాని ముద్దలో పాలుపంచుకొని, వాని కౌగిట పండుకొనిన గొఱ్ఱెపిల్లను గూర్చి నాతాను చెప్పిన ఉపమానము మీ యిండ్లలో క్రొత్త కాదు. చలికాలమున మేకపిల్లను దుప్పటిలో దాచుకొను పిల్లలు మనలో ఎందరు లేరు? ఈ ప్రేమ మన యొద్ద నున్నది. జబ్బు చేసినప్పుడు వాతలు పెట్టక పశువుల డాక్టరునొద్దకు తీసికొనిపోవుడి. 1962 నంబరునకు ఫోను చేసిన సంచార పశువైద్య వాహనము వచ్చు ఏర్పాటు మన రెండు రాష్ట్రములలోను జరిగినది. వర్షములకు ముందే గొంతువాపు టీకా వేయించుడి.

ట్రాక్టర్లు వచ్చినందున అనేక గ్రామములలో ఎడ్లు తగ్గిపోయినవి. కావున ఈ ప్రశ్న పాతదైనదని తలంచువారు, క్రిస్మసుకు ముందురోజు మన వీధిలో నిలిచి చూడవలెను. కోళ్లను కాళ్లు కట్టి, మోటారుసైకిలు హాండిలుకు తలక్రిందులుగా వ్రేలాడదీసి, పదేసి మైళ్లు తెచ్చుచున్నాము. అవి రెక్కలు విప్పి తల పైకెత్తుటకు పెనుగులాడుచుండును. తినుటను మేము ఖండించుట లేదు. నోవహునకు ఆ సెలవు దొరికినది. అయితే చంపుటకు ముందు అంత వేదన పెట్టుటకు ఎవరు సెలవిచ్చిరి?

మన కోతపండుగ సంగతియు చెప్పవలసియున్నది. ప్రతి సంవత్సరము విశ్వాసులు ప్రేమతో తెచ్చు కోళ్లు, మేకలు గుడి ముంగిట పడియుండును. ఆరాధన రెండు గంటలు, ప్రసంగము మరియొక గంట, ఆపైన వేలముపాట. అంతసేపు అవి కాళ్లు కట్టబడి, నోరు తెరచుకొని ఎండలో రొప్పుచుండును. లోపల మేము సృష్టికర్త కృపను గూర్చి బోధించుచుందుము. ఈ తప్పులో మొదటివారము మేమే. ఇన్నేండ్లలో ఒక్కసారియైన బయటికి వచ్చి చూడలేదు.

గత నెల సంఘపెద్దల కూటములో ఈ మాట ఎత్తితిమి. ఒకరు నవ్విరి, ఒకరు కోపపడిరి. చివరకు ఒప్పుకొనినది ఇది: ఈ సంవత్సరము కోళ్లను గంపలలో తేవలెను. గుడికి తూర్పుననున్న వేపచెట్టు క్రింద మేకలను కట్టుటకు గుంజలు పాతింతురు. వేలముపాట ఆరాధనకు ముందే జరుగును. తొట్టిలో నీళ్లు నింపు పనిని నవ్వినవారే తమమీద వేసికొనిరి. గంపలు లేనివారు శనివారము సాయంకాలములోగా మాతో చెప్పినయెడల ఇప్పించెదము.