ప్రవాసం పోయినవాడు సుఖి కాడా?

 

ఈ వారం వీడియోలో అరణ్యపర్వం చివర వచ్చే యక్షప్రశ్నలు చెప్పుకున్నాం కదా. ఎడిటింగ్ చేస్తూ ఒక జవాబు దగ్గర నేను ఆగిపోయాను. ఆ ముక్కను నాలుగైదు సార్లు వెనక్కి తిప్పి విన్నాను. సుఖంగా ఉండేవాడు ఎవడని యక్షుడు అడుగుతాడు. అప్పు లేనివాడు, పరదేశం పోనివాడు, పొద్దు వాలాకనైనా సరే తన ఇంట్లో ఇంత కూరాకు వండుకొని తినేవాడు అంటాడు ధర్మరాజు.

మా పెద్దబాపుకు ఈ మూడింట్లో ఒక్కటీ లేదు.

మాది ధర్మపురికి దగ్గర ఊరు. ఇప్పుడు జగిత్యాల జిల్లా, 2016 దాకా కరీంనగర్ జిల్లానే. మా వైపు గల్ఫ్ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. ఇక్కడైనా, అటు నిర్మల్ పల్లెల్లోనైనా ఏ వాడకు పోయినా దుబాయిలోనో మస్కట్‌లోనో ఒక మనిషి ఉంటాడు. పెద్దబాపు బోరు వేస్తే నీళ్లు పడలేదు. రెండోది వేస్తే అదీ పడలేదు. ఆ అప్పు తీర్చడానికి దుబాయి వీసా, ఆ వీసా కోసం ఏజెంటుకు కట్టడానికి ఇంకో అప్పు. ఆయన పోయేనాటికి నేను ఒకటో తరగతి. మళ్లీ వచ్చి ఊళ్లో ఉండేనాటికి నాకు ఉద్యోగం వచ్చింది. నా ఇంజనీరింగ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ పోను మిగిలిన ప్రతి రూపాయి, హాస్టల్ ఖర్చుతో సహా, ఆయన చెమటే. నడి ఎండాకాలంలో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా బయటి పని ఆపాలని అక్కడ రూలు. ఆ రెండున్నర గంటల గురించి ఆయన పండుగ సెలవు గురించి చెప్పినట్టు చెప్పేవాడు.

ఆయన పోయినప్పుడు, పెద్దకర్మ రోజు నలుగురిలో నిలబడి నేనే మాట్లాడాను. "మా కోసం ఆయన జీవితాన్నే త్యాగం చేసిండు" అన్నాను. అందరూ కళ్లు తుడుచుకున్నారు. పెద్దమ్మ తుడుచుకోలేదు. రాత్రి చాప పరుస్తూ అన్నది: "మీ పెద్దబాపు ఆడ మంచిగనే ఉండె బిడ్డా. నాకు కోపం గూడ గదే."

నాకు మాట రాలేదు. తర్వాత ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. శుక్రవారం సెలవు రోజున ఆయన ఒక దిర్హమ్ ఇచ్చి అబ్రా పడవ ఎక్కి, క్రీక్ దాటి బర్ దుబాయి గుడికి పోయేవాడు. సందులో మసీదు పక్కనే గుడి. (ఆ శివాలయాన్ని 2024లో జెబెల్ అలీకి మార్చారు. ఆ సంగతి ఆయనకు తెలియదు.) వాట్సాప్ కాల్ అక్కడ పనిచేయదు కాబట్టి ఇమోలో చేసేవాడు. వెనుక ఎప్పుడూ నవ్వులు, గిన్నెల చప్పుడు. ఊరికి వచ్చేశాక మాత్రం ఫోన్ చేతిలో పట్టుకొని అరుగు మీద కూర్చునేవాడు. "రూముల ఎట్లున్నరో ఏమో" అనేవాడు. అది మాకు అర్థమయ్యేది కాదు. జైలు నుంచి విడుదలైన మనిషి జైలును తలుచుకుంటున్నట్టు అనిపించేది.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన బతుకును త్యాగం అనడం నాకే అనుకూలం. ఇరవై ఏళ్లు ఆయన ఏడుస్తూనే గడిపాడనుకుంటే నేనూ కాస్త ఏడ్చి రుణం తీరిందనుకోవచ్చు. అక్కడ ఆయనకంటూ ఒక బతుకు ఉంది, అందులో మేం లేం అనుకోవడం కష్టం. అప్పుడు నేను ఎవరికి బాకీ? ఆయనకు బాకీయే, అందులో అనుమానం లేదు. కానీ ఇల్లు కదలకుండా, అప్పులవాళ్లకు జవాబు చెప్తూ, ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్ల పనులు ఒంటిచేత్తో చేసిన పెద్దమ్మకు? ఆమె తన ఇంట్లోనే కూరాకు వండుకొని తిన్నది. ధర్మరాజు లెక్కలో ఆమె సగం సుఖి కావాలి.

అదే యక్షుడు ఇంకో ప్రశ్న అడుగుతాడు: ప్రవాసికి మిత్రుడెవడు, ఇంట్లో ఉన్నవాడికి మిత్రుడెవడు అని. ప్రవాసికి తోటి బాటసారులు, ఇంట్లో ఉన్నవాడికి భార్య అని జవాబు. ఇంట్లో ఉండిపోయిన భార్యకు మిత్రుడెవడని యక్షుడు అడగలేదు. ఇంకో సంగతి, ఈ జవాబులు చెప్పేనాటికి ధర్మరాజు కూడా ప్రవాసే. పన్నెండేళ్ల అరణ్యవాసం చివర, నలుగురు తమ్ముళ్లు చెరువు ఒడ్డున పడి ఉండగా చెప్పాడు. ఇల్లే సుఖమని ఇల్లు లేని మనిషి అన్నమాట. అందుకే దాన్ని నేను తీర్పులా కాక కోరికలా వింటున్నాను.

మొన్న పెత్రమాస నాడు పొద్దున ధర్మపురిలో గోదావరి స్నానం చేసి, పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చి వచ్చాం. పెద్దబాపు పేరు చెప్పినప్పుడు నా గొంతు పట్టుకున్నది. ఇంటికి వచ్చాక ఆడపిల్లలు ఎంగిలిపూల బతుకమ్మకు పూలు సర్దుతుంటే, ఆయన పాత ఫోన్ మోగింది. పెద్దమ్మ ఆ ఫోన్‌ను ఇంకా ఛార్జింగ్ పెడుతూనే ఉంటుంది. ఇమో కాల్. చేసింది ఒక ఫిలిప్పీన్స్ మనిషి, ఎన్నో ఏళ్లు పెద్దబాపు రూమ్మేట్. "కుయా ఉన్నాడా?" అన్నాడు. వాళ్ల భాషలో కుయా అంటే అన్న. విషయం చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వచ్చీరాని హిందీలో అడిగాడు, కుయా చేసే పచ్చిపులుసులో చింతపండు ఎంతసేపు నానబెట్టాలని. వాళ్ల దగ్గర సినిగాంగ్ అని చింతపండు పులుపుతో ఒక పులుసు ఉందట. అయినా రూములో అందరికీ కుయా పులుసే ఇష్టమట. ఆయన వచ్చేశాక ఎవరికీ ఆ రుచి కుదరడం లేదట.

పెద్దమ్మకు తెలుగులో చెప్పాను.

"ఆయనకు వంట వస్తదా?" అన్నది. "ఇంట్ల ఒక్కనాడు గూడ పొయ్యి ముట్టియ్యలే."

కాసేపాగి ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది. అద్దం మీద ఆ మనిషి ముఖాన్ని దగ్గర పెట్టుకొని చూసింది. "ఇంకేమేం వండెటోడో అడుగు" అన్నది నాతో.