కాలవ కట్టేసిన రోజులు

పొద్దున్నే పరుగు మొదలుపెట్టిన ఆడవాళ్ళు చాలామంది దాన్ని మానేసేది కాళ్ళ నొప్పులకి కాదు. అత్తగారికి జ్వరమొచ్చో, పిల్లలకి పరీక్షలొచ్చో నాలుగు రోజులు తప్పుతుంది. ఐదోరోజు తెల్లవారుజామున మెలకువ వచ్చినా, "ఇంకేం పరుగు, అంతా పోయిందిగా!" అనిపిస్తుంది. ఆ మాటే అసలు మాన్పించేది.

ఇంతకీ పోయిందేమిటి? ఉత్సాహం. అది రావడమూ పోవడమూ మన చేతిలో లేదు. దాన్ని నమ్ముకుని అలవాటు నిలబెట్టుకోవడం వానని నమ్ముకుని వరి నాటడం లాంటిది. బెజవాడ దగ్గర 1855లో ఆనకట్ట పూర్తయ్యాక కృష్ణా డెల్టాకి కాలవల ధీమా వచ్చింది. ఆ కాలవల్నీ ఎండాకాలంలో కట్టేస్తారు. బందరులోగాని, గుడివాడలోగాని, దివిసీమలోగాని "కాలవ పోయింది" అని ఎవరూ దిగులుపడరు. ఆ రోజుల్లోనే పూడిక తీస్తారు, గుర్రపుడెక్క లాగేస్తారు. మళ్ళీ నీళ్ళు వదిలితే పాతదారినే పారతాయి.

గుడివాడలో పుట్టిన కోనేరు హంపి తల్లయ్యే రోజుల్లో రెండేళ్ళు చదరంగం పోటీలకి దూరంగా ఉన్నారు. తిరిగొచ్చి 2019లోనూ, 2024లోనూ ప్రపంచ మహిళా రాపిడ్ ఛాంపియన్ అయ్యారు. ఆ రెండేళ్ళనీ ఆవిడ నేరంగా లెక్కవేసుకుని ఉంటే?

తప్పిన రోజుకి మనల్ని మనమే బోనెక్కించుకోవడం పైకి నీతిలాగే ఉంటుంది. కాని, ఒకసారి దోషినని తీర్పు చెప్పేసుకున్నాక ఇంక పరుగెత్తే పని ఉండదు చూడండి! జ్వరమొచ్చినవాళ్ళకి గంజి కాచిపెట్టడం తప్పెలా అవుతుంది? ఆ నాలుగురోజులూ కాలవ కట్టేసిన రోజులు, అంతే. వీలైతే పది నిమిషాలు గట్టుమీద నడవండి, పూడిక తీసినట్టుంటుంది. బూట్లు మాత్రం అటకెక్కించకండి.