అమ్మేవాడి గడప ఎక్కడుంది?

అమ్మడూ, నువ్వు పంపిన చీర ఫొటో చూశాను. ఆకుపచ్చ ఒంటికి మెరూన్ అంచు, బాగుంది. నిశ్చితార్థానికి పెట్టుబడి చీరలు కూడా ఆ పేజీలోనే తీసుకుందామంటున్నావు. గద్వాల చీర 1,299 రూపాయలేనట, ఆఫర్ ఈ రాత్రితో అయిపోతుందట. అయిపోనీ తల్లీ. ఈ రాత్రికి మాత్రం డబ్బు పంపకు. ఈ అత్త చెప్పేది కాస్త తీరిగ్గా చదువు.

మీ మామయ్య ఉన్నన్నాళ్ళూ కర్నూల్లో మా చీరల కొట్టు గల్లా దగ్గర కూర్చున్నదాన్ని కదా, అందుకని ముందు చీర సంగతే చెప్తాను. గద్వాల చీరంటే ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. విడిగా నేసి తర్వాత కుట్టేది కాదు, మగ్గం మీదే పోగుకు పోగు మెలేసి కలుపుతారు. ఇటు అంచుకో నాడె, ఒంటికో నాడె, అటు అంచుకో నాడె ఆడాలి. రోజుల తరబడి పని. పట్టు ధర, జరీ ధర, నేసినవాళ్ళ కూలి, మధ్యలో షావుకారు వంతు, ఇవన్నీ కూడితే 1,299 దగ్గర ఆగే లెక్క కాదది. ఆ ధరకు దొరికేది పవర్‌లూమ్ మీద పాలిస్టర్‌తో నేసిన నకలు. నకలని చెప్పి అమ్మితే అందులో తప్పేమీ లేదు, కట్టుకునేవాళ్ళు కట్టుకుంటారు. కానీ నువ్వు పంపిన ఫొటోలో కనిపిస్తున్నది అసలు చీర. నూలు ఒళ్ళు పట్టు అంచును కలిసే చోట ఆ పంటిగీత కనిపిస్తూనే ఉంది. అంటే ఫొటో ఒకరిదీ, సరుకు ఇంకొకరిదీ. లేదంటే అసలు సరుకే లేదు.

ఆ ఫొటోను గూగుల్ లెన్స్‌లో వేసి చూడు. అదే చీర, అదే బొమ్మ, అదే తెర ఇంకో నాలుగు పేజీల్లో నాలుగు ధరలకు కనిపించిందనుకో, అందులో కనీసం మూడు దొంగవేనని లెక్క. నిజంగా చీర చేతిలో ఉన్నవాళ్ళని పట్టుకోవడం ఎలాగంటే, వీడియో కాల్ చేసి మడత విప్పమను. కొంగు తిప్పి వెనకవైపు చూపించమను. పోచంపల్లి ఇక్కత్ అయితే నేతకు ముందే పోగుకు రంగు వేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, గీతల అంచులు కొంచెం చెదిరినట్టుంటాయి. అచ్చు వేసిన నకలుకు వెనకవైపు వెలవెలబోతుంది. చీర ఉన్నవాళ్ళు సరదాగా చూపిస్తారు. లేనివాళ్ళు ‘మేడమ్, చాలా రష్‌గా ఉంది, ముందు బుక్ చేసుకోండి’ అంటారు.

మా కొట్లో చీర రంగు దిగిందని తిట్టుకుంటూ వచ్చినవాళ్ళు లేకపోలేదు. వాళ్ళు రాగలిగారు, అదీ సంగతి. మార్చి ఇవ్వకపోతే బజారంతా వినేలా అరవగలరని మాకు తెలుసు, అందుకే మంచిగా ఉండేవాళ్ళం. వ్యాపారి మంచితనంలో సగం ఆ భయమే అని మీ మామయ్య నవ్వుతూ అనేవారు. ఫోన్లో కొనేటప్పుడు నువ్వు వెతకాల్సింది ఆ గడపనే. రేపు చీర బాగోలేకపోతే ఎవరి గడప ఎక్కి అడగాలి? దీనికి జవాబు లేనిచోట ధర ఎంత తక్కువైనా దండగే.

గడప కనిపెట్టడం అనుకున్నంత కష్టం కాదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ పేజీ పేరు మీద నొక్కితే ఆ అకౌంటు గురించిన వివరాలు వస్తాయి. ఎప్పుడు మొదలైంది, ఏ దేశం నుంచి నడుస్తోంది, ఇంతకుముందు ఎన్నిసార్లు పేరు మార్చుకుంది అని చూపిస్తుంది. నిన్నటిదాకా మొబైల్ కవర్లు అమ్మి ఇవాళ చేనేత అయిపోయిన పేజీలు బోలెడు. శ్రావణమాసం వస్తే చాలు, పుట్టగొడుగుల్లా లేస్తాయి, వరలక్ష్మీవ్రతం దాటగానే మాయం. ఫాలోయర్లు లక్ష మంది ఉన్నారని మురిసిపోకు, వాళ్ళనీ కొనుక్కోవచ్చు. కామెంట్లు మూసేశారా, ‘డీఎం చేయండి’ తప్ప ఇంకో మాట లేదా అన్నది చూడు. వాళ్ళ చీర కట్టుకుని ఎవరైనా తమ ఫొటో పెట్టి ఆ పేజీని ట్యాగ్ చేశారేమో చూడు. అది డబ్బిచ్చి చేయించుకోవడం కొంచెం కష్టం.

సొంత వెబ్‌సైటు పెట్టుకుని అమ్మేవాళ్ళైతే 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం తమ అసలు పేరు, చిరునామా, ఫోను, ఫిర్యాదులు చూసే అధికారి పేరు అందులో పెట్టి తీరాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల తేల్చాలి. అవేమీ లేకుండా కింద ఒక వాట్సాప్ గుర్తు మాత్రమే ఉంటే ఆ సైటు మూసెయ్యి. జీఎస్టీ నంబరు ఇస్తే ఇంకా మేలు. అందులో 15 అక్షరాలుంటాయి, మొదటి రెండంకెలు రాష్ట్రానివి, తెలంగాణకు 36, ఆంధ్రకు 37. ‘మాది గద్వాలే’ అని చెప్పేవాడి నంబరు ఇంకే అంకెతోనో మొదలైతే ఎందుకని అడుగు. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరు మీదుందో వస్తుంది. అయితే ఒక మాట. చిన్న వ్యాపారులందరికీ జీఎస్టీ ఉండక్కర్లేదు. ఇంట్లో పది చీరలు పెట్టుకుని వాట్సాప్ గ్రూపులో నిజాయితీగా అమ్ముకునే ఆడవాళ్ళు మన బంధువుల్లోనే ఉన్నారు. నంబరు లేదని వాళ్ళని దొంగల్లా చూడకు. వాళ్ళ గడప నీకు ఎలాగూ తెలుసు.

ఇక డబ్బు దగ్గరికి వద్దాం. చాలామంది చీరను పట్టి పట్టి చూసి, డబ్బు పంపేటప్పుడు మాత్రం కళ్ళు మూసుకుంటారు. యూపీఐలో పిన్ కొట్టే ముందు డబ్బు ఎవరి ఖాతాకు వెళ్తోందో పేరు కనిపిస్తుంది. పేజీ పేరేమో ఏదో హ్యాండ్లూమ్స్, తెర మీద వచ్చిన పేరేమో ఏ రాష్ట్రంవాడో తెలియని ఒక కుర్రాడిది. ‘మా అకౌంటెంట్‌ది మేడమ్’ అంటాడు. అక్కడే ఆగిపో. కమిషన్‌కు ఆశపడి తమ బ్యాంకు ఖాతాలు అద్దెకిచ్చే పిల్లలు ఉన్నారు. డబ్బు అందులో పడిన కొన్ని నిమిషాల్లోనే ఇంకో ఖాతాకు, అక్కణ్ణుంచి మరోదానికి పోతుంది. ఖాతా ఇచ్చినవాడు దొరికినా దోచుకున్నవాడు దొరకడు.

క్యాష్ ఆన్ డెలివరీ ఉంది కదా, భయమెందుకని నువ్వంటావని తెలుసు. కొరియర్ అబ్బాయి ముందు డబ్బు తీసుకున్నాకే ప్యాకెట్టు ఇస్తాడు. విప్పి చూస్తే పాత గుడ్డలు. ఆ అబ్బాయిని అని లాభం లేదు, అతను మోసేవాడు మాత్రమే. మీరు ఆర్డరే ఇవ్వని పార్సిళ్ళు కూడా వస్తున్నాయి. నువ్వు ఆఫీసులో ఉంటావు, మీ నాయనమ్మ ‘పిల్ల ఏదో తెప్పించుకుని ఉంటుంది’ అని కొంగున ముడేసిన డబ్బు విప్పి ఇచ్చేస్తుంది. నీకు ఫోన్ చేయకుండా ఏ పార్సిలుకూ డబ్బివ్వొద్దని ఇవాళే ఆవిడకు చెప్పు.

అసలు పెద్ద దెబ్బ మొదటి డబ్బుతో తగలదు. 1,299 పోయిందని ఏడ్చేలోపు రెండో ఫోను వస్తుంది. చీర ఎయిర్‌పోర్టులో ఆగింది, పన్ను కట్టాలి, తర్వాత వెనక్కిస్తాం అంటారు. లేదా ‘సారీ మేడమ్, రిఫండ్ చేస్తాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటారు. పిన్ కొట్టేది డబ్బు పంపడానికే బంగారూ, తీసుకోవడానికి కాదు. తెర మీద పిన్ అడిగిందంటే నీ ఖాతాలోంచి పోతోందనే. పోయిన కొంచెం వెనక్కి రావాలన్న ఆరాటంలో ఉన్నవాళ్ళకు ఈ చిన్న సంగతి తట్టదు, మోసగాడికి ఆ సంగతి బాగా తెలుసు. ఆ పేజీ కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్లో వెతికి, అక్కడ దొరికిన నంబరుకు ఫోన్ చేసి, వాళ్ళు పంపిన యాప్ వేసుకుని ఖాతా మొత్తం ఖాళీ చేసుకున్నవాళ్ళూ ఉన్నారు.

‘ఈ రాత్రే ఆఖరు’, ‘రెండే మిగిలాయి’ అనే తొందర మీద 2023లో కేంద్రం మార్గదర్శకాలే తెచ్చింది. జనాన్ని పక్కదారి పట్టించే పదమూడు రకాల టక్కులను వరస పెట్టి చెప్పి, వాటిలో ఈ దొంగ తొందరను కూడా కలిపింది. ఈ ఎరలు చీరలకే కాదు. మీ తమ్ముడు పాత స్కూటీ వెతుకుతున్నాడన్నావు కదా, వాడికీ చెప్పు. ‘జవాన్‌ని, బదిలీ అయింది, సగం ధరకే ఇచ్చేస్తున్నా, ఆర్మీ ట్రాన్స్‌పోర్టులో పంపిస్తా’ అని ఐడీ కార్డు ఫొటో పంపేవాడు జవానూ కాడు, స్కూటీ కూడా వాడి దగ్గర ఉండదు. డల్లాస్‌లో ఉన్న మీ అక్క కూడా ఇక్కడి పేజీల్లో చీరలు కొంటుందటగా. తెలియనివాళ్ళకు అక్కడి బ్యాంకుల జెల్ (Zelle)లో డబ్బు పంపితే, సరుకు రాకపోయినా దానికి రక్షణ ఉండదని గుర్తుచెయ్యి. క్రెడిట్ కార్డుతో కడితే కనీసం బ్యాంకు దగ్గర తగాదా పెట్టుకునే వీలుంటుంది. ఇక్కడా అంతే.

ఒకవేళ పోయిందే అనుకో. సిగ్గుపడి ఇంట్లో దాచకు. వెంటనే 1930కి ఫోన్ చెయ్యి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా రాయి. డబ్బు ఇంకా ఏదో ఖాతాలో ఉండగా ఆపగలిగితే ఆపుతారు, గంటలు గడిచేకొద్దీ ఆ ఆశ తగ్గుతుంది. లావాదేవీ కింద 12 అంకెల నంబరుంటుంది, అది దగ్గర పెట్టుకో. చాట్ చెరిపేయకు, కోపంతో వాణ్ణి బ్లాక్ చేసేముందు స్క్రీన్‌షాట్లు తియ్యి. బ్యాంకు ఇచ్చేస్తుందిలే అని మాత్రం అనుకోకు. మూడు పనిదినాల్లో చెబితే ఖాతాదారుకు నష్టం ఉండదని 2017లో రిజర్వు బ్యాంకు చెప్పింది, నిజమే. అది నీకు తెలియకుండా ఎవరో తీసేసిన డబ్బుకు. నువ్వే పిన్ కొట్టి పంపినదానికి బ్యాంకు ఆ లెక్క ఒప్పుకోదు. అమ్మినవాడు నిజమైనవాడే, సరుకు మాత్రం నాసిరకం, మార్చనంటున్నాడు అంటావా, అది వేరే దారి. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పు. అక్కడా తేలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వెయ్యి. అమ్మినవాడి ఊరికి వెళ్ళక్కర్లేదు, నువ్వుండే ఊళ్ళోనే వేయొచ్చని 2019 చట్టం చెబుతోంది. 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు కూడా లేదు.

నిశ్చితార్థం చీర సంగతి నాకొదిలెయ్. కర్నూలు నుంచి గద్వాల ఎంత దూరమని. మీ మామయ్యకు సరుకు వేసిన మాస్టర్ వీవర్ కొడుకు ఇప్పుడు ఆ పని చూసుకుంటున్నాడు, నిన్ననే ఫోన్లో మాట్లాడాను. ఆకుపచ్చ ఒళ్ళు, మెరూన్ అంచు కావాలంటే మగ్గం మీద ఒకటి ఉందట. ఒంట్లో బుటా ఉండాలా, చెక్స్ కావాలా అని అడిగాడు. మీ అత్తగారివాళ్ళ వైపు పెట్టుబడి చీరలు ఎన్ని కావాలో కూడా రాసి పంపు, ఆదివారం నేనే వెళ్ళి చూసి వస్తాను.